అటక మీది తుపాకీ, లక్డీకాపూల్ మెట్లు

మా సంఘం ఆఫీసుకు వచ్చే రైతులు మామూలుగా గట్టిగానే మాట్లాడతారు. వడ్ల కాంటాలో తరుగు గురించైనా, భూమి రికార్డులో తప్పు గురించైనా, యూరియా లైను గురించైనా నలుగురికీ వినబడేటట్టే చెబుతారు. ఒక్క విషయం మాత్రం గొంతు తగ్గించి, తలుపు దగ్గరికి వేసి అడుగుతారు. "నాయిన పోయిండు. అటక మీద తుపాకి ఉన్నది. కాయితం ఉన్నదో లేదో తెల్వది. ఏం చెయ్యాలె అన్నా?"

ఈ ప్రశ్నకు ఊళ్లో దొరికే జవాబులు మూడు. చెరువులో పడెయ్. నోరు మూసుకొని ఉంచుకో. లక్డీకాపూల్ పోయి పెద్దసారును కలువు. మూడూ తప్పుడు సలహాలే. మొదటి రెండూ మనిషిని జైలు దాకా తీసుకుపోగలవు. మూడోది బస్సు కిరాయి, ఒక దినం కూలి తినేసి ఉత్త చేతులతో ఇంటికి పంపుతుంది. ఇంత సాదాసీదా ప్రశ్నకు సరైన జవాబు పోలీస్ స్టేషన్ గోడ మీద ఒక కాగితం అంటించి చెప్పవచ్చు. ప్రభుత్వం ఎందుకు చెప్పదు? ఈ నెల మా తగాదా దాని మీదనే.

ముందు లక్డీకాపూల్ సంగతి తేల్చేద్దాం. రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయం అక్కడుంది, డీజీపీ అక్కడే కూర్చుంటారు. అందుకని తుపాకీ పని అక్కడే తెములుతుందని జనం అనుకోవడం సహజం. కానీ 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం మామూలు తుపాకులకు లైసెన్సు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు. పోలీసు కమిషనర్‌ను నియమించిన ప్రాంతాల్లో ఆ అధికారం కమిషనర్‌ది. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మం లాంటి చోట్ల కలెక్టరేట్ కాదు, కమిషనరేట్ గడప తొక్కాలి. రంగారెడ్డి జిల్లా రైతుల అవస్థ మరీ విచిత్రం. వాళ్ల కలెక్టరేట్ ఏళ్ల తరబడి లక్డీకాపూల్‌లోనే ఉండేది. 2022లో కొంగరకలాన్‌కు మారింది. పాత అలవాటుతో కొందరు లక్డీకాపూల్‌కే వస్తున్నారు. కొందరు కొంగరకలాన్‌కు పోతున్నారు. జిల్లాలో చాలా మండలాలు కమిషనరేట్ కింద ఉన్నాయి కనుక అక్కడివాళ్లకు ఈ రెండూ కావు. మెట్రో దిగి గేటు దగ్గర నిలబడ్డ ముసలాయనకు ఈ సంగతి చెప్పేవారు ఎవరూ ఉండరు. "మీ జిల్లాకు పో" అంటారు. జిల్లాలో ఎవరి దగ్గరికి అన్నది మాత్రం చెప్పరు.

ఈ తుపాకులు రైతుల ఇళ్లలోకి ఎట్లా వచ్చాయి? ఇదొక నేర ముఠా కథ అన్నట్టు మాట్లాడేవాళ్లకు ఊరి చరిత్ర తెలియదు. కొన్ని పటేళ్లకు, పట్వారీలకు, భూస్వాములకు లైసెన్సు మీద వచ్చిన ఒంటి గొట్టం, జంట గొట్టం తుపాకులు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. పదవులు పోయాయి, కొన్ని ఇళ్లలో తుపాకులు మిగిలాయి. కొన్ని పంట కాపలాకు పెట్టుకున్న భర్మార్లు, మూతిలోంచి మందు కూరి పేల్చేవి. అడవి అంచు గూడేల్లో ఇవి మంచె మీద వడిసెల ఎంత మామూలో అంత మామూలుగా ఉండేవి. ఇంకొన్నిటి వెనక 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటం ఉంది. 1948 సెప్టెంబరులో పోలీసు యాక్షన్ తర్వాత ఆయుధాలు అప్పజెప్పమన్నారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. ఏ తుపాకీ స్టేషన్‌కు చేరింది, ఏది గడ్డివాములో ఆగిపోయింది అన్న లెక్క ఏ దఫ్తరులోనూ దొరకదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. తుపాకీ మీద మాకు మోజు లేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం తీసింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పేల్చిన తుపాకీ. గడీలో ఉన్న తుపాకీ ఊరిని ఏం చేస్తుందో రైతు సంఘాలకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర లేదు. మీసం మెలేసి పెళ్లి ఊరేగింపులో గాలిలోకి కాల్చే మనిషి కోసం మేము ఒక్క అక్షరం కూడా రాయం. తండ్రి చనిపోయిన పదో రోజున అటక సర్దుతుంటే గోనెసంచిలో చుట్టిన ఇనుప గొట్టం చేతికి తగిలి గుండె ఆగినంత పనైన కొడుకు గురించి, కూతురు గురించి, ఒంటరిగా మిగిలిన తల్లి గురించి రాస్తున్నాం.

ఇక చట్టం చెప్పేదేమిటి? లైసెన్సు మనిషికి ఇచ్చేది, ఇంటికి కాదు. భూమి పట్టా లాగా అది వారసులకు దిగదు. లైసెన్సుదారు చనిపోయాక ఆ తుపాకీని ఇంట్లో ఉంచుకునే హక్కు మరెవరికీ లేదు. ఇంతవరకు విని చాలామంది బెదిరిపోతారు. దీని తర్వాతి మాట ఎవరూ వినిపించరు. అదే చట్టంలో సెక్షన్ 21 ఉంది. లైసెన్సు గడువు ముగిసిందో, రద్దయిందో, మరే కారణం చేతనో ఆయుధం ఉంచుకోవడం చట్టబద్ధం కాకుండా పోతే, అనవసరంగా జాగు చేయకుండా దాన్ని దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గాని, షరతులకు లోబడి లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గర గాని డిపాజిట్ చేయాలి అంటుంది ఆ సెక్షన్. అందులో "మరే కారణం చేతనైనా" అన్న మాటే వారసుడికి దారి. చావు కూడా ఒక కారణమే.

డిపాజిట్ చేస్తే తుపాకీ పోయినట్టేనని ఊళ్లలో గట్టి నమ్మకం. అది నిజం కాదు. డిపాజిట్ చేసినవారికి, వారు చనిపోతే వారి చట్టబద్ధ ప్రతినిధికి, నియమాలు చెప్పిన గడువులోపల రెండు హక్కులుంటాయి. లైసెన్సు తెచ్చుకుని ఆ తుపాకీని వెనక్కి తీసుకోవచ్చు. లేదా లైసెన్సున్న మరొకరికి అమ్మించి డబ్బు తీసుకోవచ్చు. గడువు దాటాక రెండూ చేయకపోతే జిల్లా మేజిస్ట్రేటు నోటీసు ఇచ్చి ప్రభుత్వానికి జప్తు చేసుకోవచ్చు. అంటే స్టేషన్‌లో పెట్టి మరిచిపోతే నష్టం మనకే. రశీదు తీసుకోకుండా పెడితే ఇంకా నష్టం. తుపాకీ మీది నంబరు, కంపెనీ పేరు, గొట్టాలెన్ని, తూటాలెన్ని, ఎవరు తెచ్చారు, ఏ తేదీన తెచ్చారు ఇవన్నీ రాసి, స్టేషన్ ముద్ర వేసిన రశీదు చేతికి వచ్చేదాకా అక్కడినుంచి కదలొద్దు. ఆ రశీదు లేకపోతే ఐదేళ్ల తర్వాత మారిన ఎస్సై ముందు మీ దగ్గర రుజువు ఏమీ ఉండదు.

తుపాకీని భుజాన వేసుకుని బస్సెక్కి స్టేషన్‌కు పోయే పని మాత్రం చేయొద్దు. లైసెన్సు లేని మనిషి దారిలో దాన్ని మోసుకుపోతూ దొరికితే, డిపాజిట్‌కే పోతున్నానన్న మాట ఎవరు నమ్మాలి? ముందు స్టేషన్ అధికారికి తెల్ల కాగితం మీద రాసి ఇవ్వండి. ఫలానా తేదీన మా తండ్రి చనిపోయాడు, ఆయన సామాను సర్దుతుంటే ఫలానా ఆయుధం కనబడింది, వచ్చి స్వాధీనం చేసుకుని రశీదు ఇవ్వండి అని రాసి, నకలు మీద అందినట్టు సంతకం చేయించుకోండి. వీలైతే వకీలును, ఊరి పెద్దను వెంట తీసుకుపోండి. స్టేషన్‌లో కాగితం తీసుకోకపోతే రిజిస్టర్ పోస్టులో ఎస్పీకి గాని కమిషనర్‌కు గాని పంపండి, పోస్టు రశీదు దాచండి. అప్పటిదాకా తుపాకీని కదిలించొద్దు. శుభ్రం చేద్దామని, పని చేస్తుందో లేదో చూద్దామని చేతిలోకి తీసుకోవద్దు. పాత భర్మారులో ఎప్పుడో కూరిన మందు ఇంకా ఉండొచ్చు. లోపల మందు ఉన్నట్టే లెక్క వేసి పిల్లల్ని ఆ గదికి దూరంగా ఉంచండి. ఫోన్లో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే సరదా అసలే వద్దు.

లైసెన్సు ఉన్న తుపాకీని ఇంట్లోనే నిలుపుకోవాలనుకునేవారికి 2016 ఆయుధాల నియమాల్లో వారసుల కోసం ప్రత్యేకమైన దారి ఉంది. లైసెన్సుదారు చనిపోతే చట్టబద్ధ వారసుడు తన పేరున లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న అఫిడవిట్లు, పాత లైసెన్సు, డిపాజిట్ రశీదు అన్నీ జతచేయాలి. పోలీసు విచారణ మామూలే. మా సభ్యుల్లో చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. లైసెన్సుదారు బతికుండగానే, ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, ఏది ముందైతే అది, వారసుడి పేరుకు మార్చమని అడగవచ్చు. ఇంట్లో పెద్దాయన మంచంలో ఉన్నప్పుడు భూమి గిఫ్ట్ డీడు గురించి పదిసార్లు మాట్లాడుకుంటారు గదా, తుపాకీ గురించి ఒక్కసారి మాట్లాడుకోండి. ఆయన సంతకం పెట్టగలిగిన రోజునే ఈ పని సులువు. ఒక మనిషి దగ్గర రెండుకు మించి ఉండకూడదన్న పరిమితి వారసత్వంగా వచ్చేదానికీ వర్తిస్తుంది.

అసలు ఎప్పుడూ లైసెన్సే లేని తుపాకీ సంగతి వేరు. ఇక్కడ మేము తియ్యటి మాటలు చెప్పం. వారసత్వ దారి లైసెన్సున్న ఆయుధానికే. నాటు తుపాకీకి ఆ దారి లేదు. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే శిక్ష ఒకప్పుడు ఏడాది నుంచి మూడేళ్లు. 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు, జరిమానా అదనం. నిషిద్ధ బోరు రకం, అంటే పోలీసులు, సైన్యం వాడే తరహా ఆయుధమైతే ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్లు. దానికి అనుమతి జిల్లాలో దొరకదు, ఢిల్లీలోని కేంద్ర హోంశాఖ చూడాలి. అమ్మడం, చేతులు మార్చడం ఇంకా పెద్ద నేరం. ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా పడవచ్చు. పాత ఇనుము వాడికి రెండు వేలకు ఇచ్చేశామని, బావమరిది ఊరికి పంపేశామని తేలిగ్గా చెప్పేవాళ్లు ఈ వాక్యం మళ్లీ చదవండి. గొట్టం కోసి పొట్టి చేయడం కూడా విడిగా నేరమే. చెరువులో పడేసిన తుపాకీ ఎండాకాలం పూడిక తీతలో బయటపడుతుంది. అప్పుడు అది ఎవరిదని ఊరంతటినీ అడుగుతారు.

అలాంటప్పుడు ఏం చేయాలి? వకీలు ద్వారా, రాతపూర్వకంగా, తనంతట తానుగా అప్పజెప్పడమే మిగిలిన దారి. ఇందులో రైతుకు ఒక ఊతం చట్టంలోనే ఉంది. లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకున్నందుకు ప్రాసిక్యూషన్ నడపాలంటే జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తప్పనిసరి అని సెక్షన్ 39 అంటుంది. ప్రాసిక్యూషన్‌కు ముందే ఒక అధికారి ఆలోచించి సంతకం పెట్టాలన్న మాట. మనం ముందుగా రాసి ఇచ్చిన కాగితం ఆ అధికారి బల్ల మీద ఉంటే ఒక తీరు, పోలీసులు సోదా చేసి పట్టుకున్నారన్న పంచనామా ఒక్కటే ఉంటే ఇంకో తీరు. మరమ్మతు చేసినా పేలని, తుప్పుపట్టి పాడైన పాత కాలపు ఆయుధాలకు చట్టం నుంచి మినహాయింపు కూడా ఉంది, సెక్షన్ 45లో. గోడకు తగిలించిన తాతల నాటి తుపాకులు కొన్ని దీని కిందికి వస్తాయి. కానీ పేలదు అని తేల్చాల్సింది మనమో, ఊరి కమ్మరో కాదు. అధికారులకు రాసి, పరీక్ష చేయించి, కాగితం మీద తెచ్చుకోవాలి.

ఇదీ చట్టం. ఇప్పుడు మా తగాదాకు వస్తాం.

2019 డిసెంబరులో కేంద్రం ఆయుధాల చట్టాన్ని సవరించింది. అంతకుముందు ఒక మనిషి మూడు తుపాకులు ఉంచుకోవచ్చు. బిల్లులో మొదట ఒక్కటికి కుదిస్తామన్నారు. పంజాబ్ నుంచి, పాత రాజకుటుంబాల వాళ్ల నుంచి, షూటింగ్ క్రీడాకారుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. ప్రభుత్వం దిగివచ్చి రెండు అంది. మూడో తుపాకీని ఏడాదిలోగా డిపాజిట్ చేయమని గడువిచ్చింది. గట్టి గొంతు ఉన్నవాడికి సవరణా దొరికింది, గడువూ దొరికింది. తాత భర్మారుతో బతుకుతున్న పేద రైతుకు ఏం దొరికింది? శిక్ష ఏడాది నుంచి రెండేళ్లకు పెరిగింది. స్వచ్ఛందంగా తెచ్చి ఇచ్చేవాడికి ఒక్క రోజు గడువు ఆ సవరణలో లేదు.

2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక బెయిలు కేసు వింటూ, లైసెన్సు లేని ఆయుధాల బెడదను తనంతట తాను విచారణకు తీసుకుంది. మంచిదే. పట్నాల్లో కిరాయి హంతకుల చేతుల్లోని పిస్తోళ్లు బయటికి రావాలి. కానీ కోర్టుకు జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు స్టేషన్లకు సులువుగా దొరికేది ఎవరు? పిస్తోలు ముఠావాడా, మంచె మీద పడుకునే కోయ రైతా? కేసుల సంఖ్య పెంచుకోవాలంటే రెండోవాడే దగ్గర. ఈ భయం వల్లనే మనిషి అటక మీది సంచిని ముట్టుకోడు. ముట్టుకోనంత కాలం ఆ తుపాకీ అక్కడే ఉంటుంది. పిల్లవాడి చేతికి దొరుకుతుంది, తాగిన కోపంలో ఎవరో ఒకరు అందుకుంటారు, లేదా దొంగ ఎత్తుకుపోతాడు. శిక్ష పెంచితే తుపాకులు బయటికి వస్తాయన్న లెక్క ఇక్కడ తలకిందులైంది.

ఇంకో పక్క చూడండి. అడవిలోంచి తుపాకీతో వచ్చి లొంగిపోయిన మావోయిస్టులను ప్రభుత్వం విలేకరుల ముందు కూర్చోబెడుతుంది. పునరావాసం ఇస్తుంది, అప్పగించిన ఆయుధానికి విడిగా నగదు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఆ పద్ధతి సరైందేనని మేము అంటాం, అది ప్రాణాలు కాపాడుతుంది. మరి ఒక్క తూటా ఎవరి మీదా పేల్చని రైతు, తాత నాటి తుపాకీ తెచ్చి ఇస్తానంటే, నీ మీద కేసు పెట్టను అన్న మాట కూడా రాదెందుకు? పోరాడినవాడికి ఇచ్చే నమ్మకం పొలం దున్నినవాడికి ఇవ్వలేరా?

పొరుగున కర్ణాటకలో కొడగు జిల్లా ఉంది. అక్కడి కొడవలకు, జమ్మా భూములున్న కుటుంబాలకు తుపాకీ లైసెన్సు నుంచి మినహాయింపు బ్రిటిషు కాలం నుంచి నడుస్తోంది. కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు కూడా సమర్థించింది. మాకు కొడగు లాంటి మినహాయింపు కావాలని అడగడం లేదు. ఒక జాతికి, ఒక భూమి పద్ధతికి చెందినవాళ్లను దేశం నమ్మగలిగినప్పుడు, మిగతా రైతులను కనీసం అనుమానితులుగా చూడకుండా ఉండగలదు గదా అంటున్నాం.

అసలు రైతు తుపాకీ ఎందుకు ఉంచుకున్నాడు? అడవిపంది కోసం. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళ, పల్లీ ఊడ దిగే వేళ ఒక మంద దిగితే తెల్లారేసరికి మడి దున్నినట్టుంటుంది. ఆయుధాల చట్టం రాసినవాళ్లు ఈ సంగతి ఎరుగుదురు. అందుకే సెక్షన్ 13లో, నిజంగా పంట రక్షణ కోసం మూతిలో మందు కూరే తుపాకీకి లైసెన్సు అడిగితే లైసెన్సింగ్ అధికారి ఇవ్వాలి అని రాశారు. ఇవ్వవచ్చు అని కాదు, ఇవ్వాలి అని. మనిషి తగడనో, శాంతిభద్రతలకు ముప్పనో అనుకుంటే కాదనే అధికారం తర్వాతి సెక్షన్‌లో ఉంది, కాదనలేం. భర్మారు సరిపోదనిపిస్తే మరో రకం నున్నటి గొట్టం తుపాకీకి కూడా ఇవ్వవచ్చని చేర్చారు. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో నిరాకరించకూడదని సెక్షన్ 14 చెబుతోంది. నిరాకరిస్తే కారణాలు రాసి పెట్టాలి, అడిగితే ఇవ్వాలి. దాని మీద అప్పీలుకు సెక్షన్ 18 ఉంది, గడువు తక్కువ కనుక ఉత్తర్వు అందిన వారంలోనే వకీలును కలవాలి. పోలీసు నివేదిక సకాలంలో రాకపోతే దాని కోసం ఆగకుండా ఉత్తర్వు ఇచ్చే వెసులుబాటు కూడా చట్టంలో ఉంది. ఇంత ఉన్నా ఎకరం రైతు దరఖాస్తు పెడితే ఫైలు కదలదు, రియల్ ఎస్టేట్ పెద్దమనిషి నడుముకు మాత్రం పిస్తోలు కనబడుతుంది. పేదవాడికి ఇవ్వాలి అన్న సెక్షన్ నిద్రపోతోంది, డబ్బున్నవాడికి ఇవ్వవచ్చు అన్న సెక్షన్ పరుగెత్తుతోంది.

లైసెన్సు వచ్చినా పందిని కాల్చే హక్కు వచ్చినట్టు కాదు. ఈ రెంటినీ ఒకటనుకుని మోసపోయినవాళ్లు ఉన్నారు. అడవిపంది వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉన్న జంతువు. నిలిచిన పంటకు ముప్పుగా మారిందని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని రాతపూర్వకంగా అనుమతిస్తేనే కాల్చాలి. కేరళలో 2022లో ఈ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల దాకా దించారు. బీహార్, ఉత్తరాఖండ్‌లలో కేంద్రం కొంతకాలం అడవిపందిని పంట నాశక జంతువుగా ప్రకటించింది. 2016లో బీహార్‌లో నీల్గాయిలను కాల్చడానికి హైదరాబాద్ నుంచి షూటర్లు వెళ్లారు. మన ఊరి పంట కాయడానికి మాత్రం మన ఊరి మనిషి పనికిరాడు! కవ్వాల్, అమ్రాబాద్, ఏటూరునాగారం, కిన్నెరసాని అంచున ఉన్న రైతుల మీద ఇంకో ముడి ఉంది. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సమ్మతి ముందే ఉండాలి. పంట నష్టం ఎక్కడ ఎక్కువో అనుమతి అక్కడే కష్టం. పులి బతకాలన్నదాంట్లో మాకు రెండో మాట లేదు. అయితే పులిని బతికించే ఖర్చు అంతా అడవి అంచు రైతు నెత్తినే ఎందుకు? పంట నష్టపరిహారం అదే సీజన్లో ఇవ్వండి, సోలార్ కంచెకు సబ్సిడీ ఇవ్వండి, చాలామంది తుపాకీ మాటే ఎత్తరు.

ఇవేవీ లేనప్పుడు రైతు ఏం చేస్తున్నాడో అందరికీ తెలుసు. బోరు మోటారు కరెంటు తీగను పొలం గట్టు చుట్టూ తిప్పుతున్నాడు. దానికి పంది పడుతుంది, చిరుతా పడుతుంది, తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి పోయిన పక్క పొలం రైతూ పడతాడు. నాటు బాంబు పెడితే నోరు పగిలేది మేకల కాపరి ఆవుకు. చట్టబద్ధమైన దారి మూసేస్తే మనిషి ఆగిపోడు, మరింత ప్రమాదమైన దారి పడతాడు. మా సంఘం కరెంటు తీగ పెట్టడాన్ని ఎప్పుడూ సమర్థించలేదు, ఇప్పుడూ సమర్థించదు. పక్క రైతును చంపే కాపలా కాపలా కాదు.

మాలోనే కొందరు మిత్రులు అభ్యంతరం చెబుతున్నారు. రైతు సంఘం తుపాకుల గురించి రాస్తే ఊళ్లో తుపాకులు పెరగవా, కుల తగాదాల్లో అవి ఎవరి వైపు పేలతాయి అని. గట్టి ప్రశ్నే. మా జవాబు ఇది. ఊళ్లో ఉన్న తుపాకులు ఈ వ్యాసం వల్ల పుట్టలేదు, ఇప్పటికే ఉన్నాయి. మేము అడుగుతున్నది వాటిని అటకల మీంచి స్టేషన్ గదుల్లోకి దించే దారి. దించాక, నిజంగా పంట కాపలా అవసరమున్న కొద్దిమందికి, విచారణ చేసి, పేరు మీద, నంబరు మీద ఇవ్వండి. కుల దౌర్జన్యం కేసుల్లో ఉన్నవాడికి, ఇంట్లో భార్యను కొట్టేవాడికి ఇవ్వొద్దు, ఉన్నది గుంజుకోండి. ఆ వడపోత చేసే అధికారం చట్టం ఇప్పటికే ఇచ్చింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఇదే గొడవ. ఒక్కొక్క లైసెన్సును స్క్రీనింగ్ కమిటీ విడిగా చూసి ఎవరి ఆయుధం డిపాజిట్ చేయించాలో తేల్చాలని ఎన్నికల కమిషన్ చెబుతుంది. కింద మాత్రం అందరివీ పట్టుకురండి అన్న ఒక్క ఫోనుతో పని ముగుస్తుంది. 2023 నవంబరు 30న అసెంబ్లీ ఎన్నికలు, అంటే సరిగ్గా వరి కోతల వేళ. కాపలా తుపాకీ స్టేషన్‌లో, పంది పొలంలో.

రాష్ట్ర హోంశాఖను మేము అడిగేది పెద్ద చట్టమేమీ కాదు. ఆరు నెలల గడువు పెట్టి, ఈ లోపల తనంతట తాను తెచ్చి ఇచ్చిన పాత తుపాకీ మీద, అది వేరే నేరంలో వాడింది కాకపోతే, ప్రాసిక్యూషన్‌కు అనుమతి కోరబోమని జిల్లా మేజిస్ట్రేట్లకు, కమిషనర్లకు, స్టేషన్లకు ఒకే సర్క్యులర్ పంపాలి. అనుమతి ఇచ్చే, నిరాకరించే అధికారం సెక్షన్ 39 కింద ఇప్పటికే వాళ్ల చేతిలో ఉంది, పార్లమెంటు దాకా పోనక్కర లేదు. సెక్షన్ 21 కింద డిపాజిట్ తీసుకోమంటే తీసుకోని స్టేషన్ అధికారి మీద చర్య ఉండాలి. రశీదు తెలుగులో ఇవ్వాలి, గడువు తేదీ దాని మీదనే రాయాలి. లైసెన్సుదారు మరణం పంచాయతీలో నమోదైనప్పుడు వారసులకు ఏం చేయాలో చెప్పే ఒక కాగితం పంపాలి. నేరస్థుడిలా కాదు, వారసుడిలా సంబోధిస్తూ పంపాలి. ఐటీడీఏ గ్రామాల్లో ఈ పని పోలీసులకే వదలకుండా రెవెన్యూ, గిరిజన సంక్షేమ సిబ్బంది వెంట ఉండాలి. గూడెంలోకి రాత్రిపూట జీపు వస్తే అక్కడ ఎవరూ తుపాకీ ఇవ్వరు, అడవిలోకి పోతారు.

ఈ నెలాఖరుకల్లా ప్రతి మండల కమిటీ తన పరిధిలో డిపాజిట్ చేసి ఏళ్లు గడిచినా వెనక్కి రాని తుపాకుల రశీదుల నకళ్లు, నిరాకరణ ఉత్తర్వులు, జవాబు రాని దరఖాస్తుల నకళ్లు జిల్లా ఆఫీసుకు పంపాలి. పేర్లు, ఇంటి నంబర్లు, తుపాకీ నంబర్లు నల్ల సిరాతో కొట్టేసి పంపండి. లైసెన్సు లేని తుపాకీ గురించి కమిటీకి ఏమీ రాయొద్దు, అది నేరుగా వకీలుతో మాట్లాడాల్సిన విషయం. జిల్లా ఆఫీసులో వారానికి ఒక రోజు వకీలు కూర్చుంటున్నారు, ఫీజు లేదు. అందిన నకళ్లన్నీ కట్టగట్టి వచ్చే నెల మొదటి సోమవారం సచివాలయంలో హోంశాఖకు ఒక ప్రతి, లక్డీకాపూల్‌లో డీజీపీ కార్యాలయానికి ఒక ప్రతి ఇస్తాం. ఉదయం పదిన్నరకు లక్డీకాపూల్ మెట్రో స్టేషన్ కింద కలుద్దాం. జిల్లాల నుంచి వచ్చేవాళ్లు పట్టా పాసుపుస్తకం నకలు ఒకటి వెంట తెచ్చుకోండి, పంట నష్టం దరఖాస్తులు కూడా అదే రోజు ఇద్దాం.